ఎవరికీ అందని జెండా

సిరోంచ,
ఏప్రిల్ నెల

నా త్రివేణికి,

మీ క్యాంపులో ఫోన్లు తీసి పెట్టెలో పెడతారట కదా, అందుకే ఈ ఉత్తరం. ఫోన్ ఉన్నా ఈ మాట నోటితో చెప్పగలిగేదాన్ని కాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తీరిగ్గా తిట్టుకో. అహేరిలో జరిగే ఎంపికకు నువ్వు రావద్దు.

మొన్న మన కోచ్ అజయ్‌కుమార్ సార్ మమ్మల్నందరినీ ఇసుకలో కూర్చోబెట్టి సంగతి చెప్పారు. వచ్చే ఒలింపిక్స్‌లో మన ఫ్లాగ్ ఫుట్‌బాల్ చేరింది కదా. అమెరికాలో హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఫుట్‌బాల్ ఆడి కోట్లు సంపాదించేవాళ్లు కూడా అందులో ఆడొచ్చని ఒప్పుకున్నారట. ఇన్నాళ్లూ జీతం లేకుండా ఈ ఆటను మోసినవాళ్లు అక్కడ లబోదిబోమంటున్నారట. మరి మన దగ్గర ఎట్ల సార్ అని అడిగాను. ఆయన నా మొహం చూడలేదు. "మన దగ్గర గూడ గంతే అస్రా. పైసలు తీసుకొని ఆడేటోళ్లు గూడ రావచ్చు. త్రివేణిని పిలిచిన్రు. మన దిక్కు నుంచి ఒక్కరినే తీసుకుంటరు," అన్నారు.

నువ్వు పుణె వెళ్లి ఆ గుద్దులాట జట్టులో జీతానికి చేరిన రోజు నేను మా గల్లీ అంతా మిఠాయి పంచాను. నీ మీద నాకు కుళ్లు లేదు. కానీ ఈ ఆట నాది త్రివేణీ. ప్రాణహిత తగ్గి ఇసుక తేలగానే ఎండలో కాళ్లు కాల్చుకున్నది నేను. నడుముకు పట్టీ, దానికి రెండు పక్కలా వేలాడే జెండా గుడ్డలు, బంతి పట్టుకుని పరుగెత్తేదాని జెండా ఎవరైనా లాగేస్తే ఆట అక్కడికి ఆగిపోతుంది, మనిషిని ముట్టుకునే పనే లేదు... ఇదంతా మా అబ్బాకు చెప్పి ఒప్పించడానికి ఎన్ని తంటాలు పడ్డామో నీకు గుర్తుందా? ఎవరూ ముట్టుకోరన్న ఒక్క మాట మీదే నన్ను ఆడనిచ్చాడు. నీకు ఇంకో ఆట ఉంది, జీతం ఉంది. నాకు ఇది పోతే అబ్బా దర్జీ దుకాణంలో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టడమే మిగులుతుంది. భారత జట్టు ఒలింపిక్స్ దాకా పోతుందో లేదో అల్లాకెరుక, కానీ ఆ దారిలో నేనొక్క అడుగైనా వేయాలి.

ఇంకో సంగతి ఉంది. నువ్వు నవ్వుతావు. చలికాలంలో దర్గాలో ఉర్సు ఉత్సవం అయిపోయాక అబ్బా నాకు కొత్త జెండాలు కుట్టిచ్చాడు. అందులో ఎర్ర గుడ్డది ఒకటి ఉంది. అది నా నడుముకు ఎక్కినప్పటి నుంచి నా జెండా ఎవరూ లాగలేకపోతున్నారు. చేతికి అందినట్టే అంది జారిపోతుందట. పెర్మిలి నుంచి వచ్చే పిల్ల, లేడిలా ఉరికేది, అది కూడా చెయ్యి చాపి ఉత్త గాలిని పట్టుకుని నిలబడిపోతుంది. మొదట్లో నా కాళ్ల గొప్పే అనుకున్నాను. కానీ పరుగెత్తేటప్పుడు నా వెనకే ఎవరో పరుగెత్తుతున్నట్టు వినిపిస్తుంది. ఒక అడుగు గట్టిగా పడుతుంది, ఇంకో అడుగు ఇసుకను ఈడుస్తుంది. తిరిగి చూస్తే అందరూ దూరంగా ఉంటారు.

మీ అమ్మ, మా రాజవ్వ పెద్దమ్మ ఉంటే దీనికేదో ఒక మందు చెప్పేది. మన ఆట చూడడానికి గట్టున కూర్చుని, నియమాలేవీ తెలియక, ఇద్దరినీ ఉద్దేశించి "లాగు బిడ్డా, లాగు!" అని అరిచేది చూడు, ఆ అరుపు లేక ఇసుక బోసిగా ఉంది. వానల్లో వరదకు రోడ్డు తెగి నువ్వు మీ అమ్మ కడసారి చూపుకు అందలేదు. నేను దగ్గరే ఉన్నాను. ఆ మాట నీకు ఊరట అవుతుందో, ముల్లు అవుతుందో తెలియక ఇన్నాళ్లూ రాయలేదు.

కోపగించుకోకు. కానీ రావద్దు.

నీ
అస్రా


పుణె

ఏమే అస్రా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత ప్లేటు విసిరికొట్టాను. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. జీతం తీసుకుంటే నా కాళ్లు అద్దె కాళ్లయిపోయాయా? ఆ ఇసుక నా కాళ్లనూ కాల్చింది. నారు మడిలో నుంచి నేరుగా బురద కాళ్లతో వచ్చి ఆడినదాన్ని, నాకు చెబుతున్నావా ఆట ఎవరిదో? ఒలింపిక్స్ అంటే బాగా ఆడేవాళ్లు ఆడాలి. జీతం ఉన్నవాళ్లు రావద్దు, లేనివాళ్లే రావాలి అంటే అది రేషన్ దుకాణం లైను అవుతుంది.

ఇప్పుడు అసలు మాట విను. ఇది మా నాన్నకు కూడా చెప్పలేదు. నాకు ఇక్కడి ఈ గుద్దులాట మిగిలేలా లేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక్కసారి మీద పడి దొర్లించారు, ఆ తర్వాత ఏడాది పాటు నా ఒంటి మీద గీత పడలేదు. ఎవరూ నన్ను పట్టలేకపోయేవారు. ఒంటికి నూనె రాసుకుని వస్తావా అని మా కోచ్ ఎగతాళి చేసేది. ఈ చలికాలం నుంచి ఏమైందో తెలియదు, మైదానంలో ఉన్న దెబ్బలన్నీ నన్నే వెతుక్కుంటూ వస్తున్నాయి. ఎవరో ఎవరినో తోస్తే కింద పడేది నేను. ఒకసారి చుట్టూ ఎవరూ లేరు, వెన్ను మీద చెయ్యి పడి తోసినట్టయింది. కుడి భుజం రెండుసార్లు జారింది. ఇంకో దెబ్బ తగిలితే ఇక బంతి విసరలేవని డాక్టర్ చెప్పింది. ఎవరూ గుద్దని ఆట ఒక్కటే నాకు మిగిలిన దారి. నీకు హుక్కులైనా ఉన్నాయి. వంగి నారు నాటడానికి కూడా ఈ భుజం పనికిరాదు.

కాబట్టి వస్తున్నాను. దమ్ముంటే నా జెండా లాగు.

నీ వెనక ఈడ్చే అడుగు సంగతి రాశావు. ఎడమ కాలా, కుడి కాలా? ఎందుకు అడుగుతున్నానో నాకే తెలియదు. రాయి.

త్రివేణి


సిరోంచ

నా త్రివేణికి,

ఎడమ కాలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే ఇసుకలోకి వెళ్లాను. గొర్రెల కాపరి కూడా లేడు. పట్టీ కట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తి, తిరిగి చూశాను. నా బూట్ల గుర్తుల పక్కనే ఇంకో వరస ఉంది. వట్టి పాదాలు. ఎడమ పాదం పడిన చోటల్లా ఇసుక గీరుకుపోయి గీతలా ఉంది. మడిలో వంగి వంగి మోకాలు అరిగిన మనిషి నడక అది. ఆ నడక వెనకే మనిద్దరం బడి నుంచి ఇంటికి వచ్చేవాళ్లం.

ఇంటికి వచ్చి అబ్బాను నిలదీశాను, ఆ ఎర్ర గుడ్డ ఎక్కడిదని. మా దర్గా సంగతి నీకు తెలుసు. మొక్కు ఉన్నవాళ్లు కటకటాలకు గుడ్డపేలిక కడతారు, మొక్కు తీరాక కట్టినవాళ్లే వచ్చి విప్పుకోవాలి. కట్టినవాళ్లు చనిపోతే, ఆ పేలికలను ఉర్సు తర్వాత దర్గా చూసుకునే ముజావర్ తీసి మూట కడతాడు. ఆ మూటను ప్రాణహితలో వదలాలి, ఠండా చేయడమంటారు. ఏటా ఆ మూట మోసుకెళ్లే సేవ అబ్బాదే. ఈసారి మూటలో ఒక చీర కొంగు ముక్క గట్టిగా, పొడుగ్గా కనిపించిందట. "నదిల కలిసేదే గదా బేటీ. దర్గాల ఉన్న బట్ట, నీ నడుముకుంటే బర్కత్ ఉంటదని కుట్టిన. మంచికే చేసిన," అని తల పట్టుకున్నాడు. ఇటుక రంగు చీర, ఎర్ర కొంగు. పెద్దమ్మ ఏ చీరో నీకు నేను చెప్పాలా?

ముజావర్ భార్య గౌహర్ ఖాలాను అడిగాను. పెద్దమ్మ కట్టిన రోజు ఆమె అక్కడే ఉందట. "మీ అబ్బా దుకాన్లనే ఫోన్ల చూసిందట గదా బిడ్డ ఆటను. ఐదుగురు మీద పడి దొర్లించిన్రట. ఏడ్సుకుంట వచ్చింది. కొంగు చింపి కట్టింది. ఏమన్నదో ఎరికేనా? 'నా బిడ్డ మీద ఎవ్వల చెయ్యి పడొద్దు' అన్నది. గంతే. ఇంకేం అడగలె," అంది ఖాలా. ఆ వీడియో చూపించింది నేనే. చూడు పెద్దమ్మా నీ బిడ్డ టీవీలో వచ్చినట్టు వచ్చింది అని గొప్పగా చూపించాను.

ఇప్పుడు లెక్క నీకు అర్థమై ఉంటుంది. ఆ పేలిక కటకటాలకు ఉన్నన్నాళ్లూ నిన్నెవరూ ముట్టుకోలేదు. నా నడుముకు వచ్చాక నన్నెవరూ ముట్టుకోవడం లేదు. నీ భుజానికి రావాల్సిన కాపలాను నేను కట్టుకుని తిరుగుతున్నాను. జీతగాళ్లు వస్తే అన్యాయం అన్నది ఎవరో చూడు. నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను త్రివేణీ.

పట్టీ నుంచి దాన్ని ఊడదీయబోతే రాలేదు. అబ్బా కత్తెర తీసి, అంతలోనే కింద పెట్టేశాడు. కట్టిన మనిషి లేకపోతే ఎవరి కోసం కట్టిందో వాళ్లే తీయాలంది ఖాలా. పట్టీ పోస్టులో పంపుదామనుకున్నాను, కానీ మీ అమ్మ కొంగుకు స్టాంపు ఎలా అంటించను? అందరి ముందు దాన్ని కట్టుకుని గెలిచాను, అందరి ముందే పోవాలి. అహేరికి రా. నా వెనక పరుగెత్తు. లాగు. నేను పక్కకు తప్పుకోను. జట్టులో ఆ ఒక్క చోటు నీదే.

నీ
అస్రా


సిరోంచ

అస్రాకు,

అహేరిలో నీ జెండా నా చేతిలోకి రాగానే నువ్వు పట్టీ విప్పేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆష్టి బస్సెక్కి మీ అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోయావు. అందుకే అక్కడికే రాస్తున్నాను. నువ్వు చూడనిది చాలా ఉంది.

నీ వెనక పరుగెత్తినప్పుడు మనిద్దరి మధ్యా ఇంకో మనిషి పరుగెత్తింది. కంటికి కనబడలేదు. ఎగశ్వాస వినబడింది. జ్వరం వచ్చిన ఆఖరి రోజుల్లో అమ్మ ఎలా ఉందో నేను చూడలేదు కదా, బహుశా అప్పుడూ అలాగే ఊపిరి తీసి ఉంటుంది. చెయ్యి చాపాలా వద్దా అని తడబడ్డాను. అప్పుడు చెవి పక్కనే "లాగు బిడ్డా, లాగు!" అని వినిపించింది. ఎవరిని అన్నదో తెలియదు. అమ్మ ఎప్పుడూ ఇద్దరినీ అనేది. లాగాను. అదేమీ బిగుసుకోలేదు. ఉడికిన చిక్కుడు నార వచ్చినట్టు వచ్చేసింది. ఎండకు నేల మాడిపోతుంటే ఆ గుడ్డ మాత్రం తడిగా ఉంది.

నువ్వు వెళ్లాక దాన్ని నా నడుముకు దోపుకుని మిగతా ఆట ఆడాను. దాచడం దేనికి, గెలవాలనే దోపుకున్నాను. ఎవరూ నన్ను అందుకోలేదు. భుజం నొప్పి కూడా లేదు. ఎంపిక చేసేవాళ్లు చప్పట్లు కొట్టారు. అంతలో ఆ పెర్మిలి పిల్ల పరుగు ఆపేసి, నా వెనక్కి చూసి, సార్ దగ్గరికి వెళ్లి గోండీలో ఏదో చెప్పి పక్కన కూర్చుండిపోయింది. ఎంత పిలిచినా ఇక ఆటలోకి రాలేదు. ఏమన్నదని సార్‌ను అడిగాను. ఆయన నేల చూస్తూ అన్నారు. "ఆ అక్క వెనుక ఉరుకుతున్న పెద్దామెకు జర నీళ్లియ్యున్రి, కాలు ఈడ్సుకుంట మస్తు ఆయాసపడుతున్నది అన్నది బిడ్డా."

తర్వాత ఎంపికైనట్టు చదివిన పేరు నాదే. నాకు వినిపించలేదు. నా తలలో ఆ పిల్ల మాటే తిరుగుతోంది. అస్రా, మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. బావి దాకా నడవాలన్నా గోడ పట్టుకునేది. అలాంటి మనిషిని చలికాలం నుంచి నువ్వు ఇసుకలో ఉరికించావు. ఇవాళ నేను ఉరికించాను. నేను జట్టులో చేరితే ఊరూరా, దేశదేశాలా, ప్రతి మైదానంలో ఉరికిస్తాను. ఎవరి చెయ్యీ నా మీద పడకుండా, ఆ కాలు ఈడ్చుకుంటూ, నీళ్లిచ్చే దిక్కు లేకుండా. ఏ పతకం కోసం?

బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నదికి వెళ్లాను. మా నాన్న, మీ అబ్బా ఖాజా మామ ఇద్దరూ కబురు అంది వచ్చి గట్టున నిలబడ్డారు. మామ నాకు చేతులు జోడించబోతే తిట్టాను. గుడ్డను నీళ్లలో పెట్టి, "ఇగ సాలు అవ్వా, కూసో," అన్నాను. అది ప్రవాహానికి పోకుండా నా చేతి దగ్గరే కాసేపు ఆగి, తర్వాత మునిగింది. లేచి చూస్తే నా పాదాల పక్క నుంచి వట్టి పాదాల వరస ఒకటి తడి ఇసుకలో నీళ్లలోకి వెళ్లి ఉంది. తిరిగి వచ్చిన గుర్తులు లేవు. మా నాన్న కూడా చూశాడు. చూసి కండువా మొహం మీదికి లాక్కున్నాడు.

ఆ చోటు నాకు వద్దని సార్‌తో చెప్పాను. దానమిస్తున్నానని మురిసిపోకు. నీకూ ఇవ్వవద్దనే చెప్పాను. ఇద్దరం గెలిచింది అమ్మ కాళ్లతో. పేర్లు పంపడానికి ఇంకా గడువుందట, ఎంపిక చేసేవాళ్లకు సార్ ఫోన్లు చేసి ఒప్పించారు. వచ్చే ఆదివారం మన ఇసుకలోనే మళ్లీ ఆట. ఖాజా మామ బజారు నుంచి కొత్త గుడ్డ తాను తెచ్చి జెండాలు కుడుతున్నాడు, ఎవరు లాగినా ఊడివచ్చేవి. జీతం ఉన్నవాళ్లు ఆడాలా లేనివాళ్లు ఆడాలా అని నువ్వు అడిగావు కదా. తన జెండా ఇంకొకరి చేతికి అందేలా కట్టుకున్నవాళ్లు ఎవరైనా ఆడొచ్చు. నా భుజం ఆదివారం దాకా నిలుస్తుందో లేదో తెలియదు. నిలవకపోతే నువ్వు వెళ్తావు, నేను ఏడుస్తాను, అంతే.

అలిగి ఆష్టిలో కూర్చోకు. రా. వచ్చి బాగా పరుగెత్తు, నన్ను చూసి నెమ్మదించావంటే చంపేస్తాను. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే భయపడి తిరిగి చూడకు. అది నేనే.

నీ
త్రివేణి