ఏడు గుండీలు

నాయనమ్మా,

పాసయ్యాను, అదీ క్లాసులో ఫస్టు! ఈసారి పోస్టుకార్డు నాన్నకి కాదు, నీకే.

మొన్న వృద్ధాశ్రమంలో మా నర్సింగు ప్రాక్టికల్స్ జరిగాయి. రైలు డ్రైవరుగా రిటైరైన ఒక తాతగారికి చొక్కా తొడగాలి. ఆయనకి చేతులు వణుకుతాయి. నా ముందు నలుగురూ బొమ్మకి తొడిగినట్టు రెండు నిమిషాల్లో తొడిగేసి చేతులు దులుపుకున్నారు. నాకు మాత్రం ఆ చేతులు చూస్తే నువ్వే గుర్తొచ్చావు. "గుండీలు మీరు పెట్టుకుంటారా, నన్ను పెట్టమంటారా?" అని అడిగాను.

"రైళ్ళు నడిపినవాణ్ణి, ఏడు గుండీలు పెట్టుకోలేనా?" అన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. పదకొండు నిమిషాలు పట్టింది. వెనకాల ఒకటే నవ్వులు. ఏడో గుండీ పడగానే ఆయన కాలరు సవరించుకుని, "నన్ను అడిగింది ఈ పిల్లొక్కతే" అని పరీక్ష పెడుతున్న మా మేడమ్‌తో అన్నారు. అంతే, నవ్వులు బందు! మిగతావాళ్ళకి వచ్చే వారం మళ్ళీ పరీక్ష. మార్కులు వేసేది ఆ తాతగారేనట!

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నువ్వే రాయి, నాన్నతో రాయించకు.

ఇంకో మాట. నీ కుట్టు డబ్బా పోలేదు. నీ వేలికి సూది గుచ్చుకుందని నేనే బీరువా మీద దాచాను. దింపించుకో. నా తెల్లకోటుకి గుండీ ఊడింది, సెలవులకి తెస్తాను, నువ్వే కుట్టాలి. సూదిలో దారం ఎక్కించడానికి ఎంతసేపైనా పట్టనీ, నేను చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటాను.

ముందు తిట్టి, తర్వాత దీవించు.

నీ మనవరాలు