గోదాములో పడవ

జనగామ,
రోహిణి కార్తె, 1969

ప్రియమైన మీకు,

మీ లీల నమస్కరించి రాసేది. మీకంటే ముందు ఈ ఉత్తరం విప్పి చదివే జైలు అధికారి ఎవరో గానీ, ఆయనకు కూడా నమస్కారాలు. అయ్యా, ఇందులో ఉద్యమం సంగతులు ఏమీ లేవు. ఉన్నదంతా ఒక పడవ గొడవ. చదివి నవ్వుకున్నా సరే, మా ఆయనకు మాత్రం చేర్చండి.

మీ ఉత్తరం అందింది. "పడవ ఎట్లున్నది?" అని మొదలుపెట్టారు. తర్వాత గోదాము తాళం, టార్పాలిన్, అత్తమ్మ మోకాళ్ళ నొప్పి, అన్నీ అడిగారు. సంతకం పెట్టబోతూ గుర్తొచ్చినట్టు "నువ్వు మంచిగున్నవనుకుంట" అన్నారు. మంచిగానే ఉన్నాను. మీరు సత్యాగ్రహానికి పోయిన రోజు కూడా ఇంతే కదా. మెడలో పూలదండ, చౌరస్తా నిండా జనం, జై తెలంగాణ అని కేకలు. పోలీసు వ్యాను మెట్టు మీద నిలబడి నా వైపు చెయ్యి ఊపితే నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. తీరా మీరు అరిచిన మాట, "లీలా, గోదాం తాళంచెవి జర పైలం!" ఆ పక్కనున్న ఆడవాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు.

ఇక్కడ ఎవరికీ కాలు నిలవడం లేదు. బంద్ రోజు ఎట్లాగూ మూసేస్తాం, బంద్ లేని రోజు ఉంటుందేమోనని దుకాణం ఒక రెక్కే తీస్తున్నాం. మానుకోట దగ్గర రైలు ఆపేశారని ఒకరంటారు, కాదు కాజీపేటలోనే ఆపారని ఇంకొకరంటారు. మీ తమ్ముడు శివప్రసాద్ అరుగు మీది నుంచి గల్లాపెట్టె దాకా, గల్లాపెట్టె నుంచి అరుగు దాకా తిరుగుతూనే ఉన్నాడు. నేనూ తక్కువేం కాదు. పొయ్యి మీద పప్పు వదిలేసి లేచి గోదాములోకి పోతాను, అక్కడ నిలబడి వచ్చేస్తాను, మళ్ళీ పోతాను.

ఇంతకీ పడవ ఎట్లున్నదంటే, మీరు పెట్టిన చోటే, పెట్టినట్టే ఉన్నది. కింద దుంగలు, పైన టార్పాలిన్, లోపల ఎండు వేపాకు, గోడ తేమ తగలకుండా మూరెడు ఎడం. మీ తాతలు మిర్చి బస్తాలను, పల్లికాయ బస్తాలను ఎట్లా కాపాడారో అట్లాగే కాపాడారు. చుక్క నీరు పడితే సరుకు పాడవుతుందని మీ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ చెక్కలు ఎండుతున్నాయి. ఉగాదికి సందుల్లో నా చిటికెన వేలి గోరు పట్టేది, ఇప్పుడు వేలే దూరుతున్నది. మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీసే వేళ గోదాములో టప్పున చప్పుడవుతుంది. అత్తమ్మ పిల్లి అనుకుంటుంది. ఇంకో చెక్క విడిందని నాకు తెలుస్తుంది.

మా బాపు కాళేశ్వరంలో ఈ పడవ మీదే గోదావరి దాటి అవతలి ఒడ్డుకు ఉప్పు, బెల్లం తీసుకపోయి, ఇప్పపువ్వు వేసుకొని వచ్చేవాడు. నన్ను ముందు మొన మీద కూర్చోబెట్టేవాడు. ఆయన పోయాక అన్నలు ఇల్లు, దుకాణం పంచుకొని "నీకేం గావాలె చెల్లె?" అంటే, పడవ అన్నాను. నాకు మతి పోయిందనుకున్నారు. బిందెడు నీళ్ళకు వరుసలో నిలబడే ఈ ఊరికి లారీ మీద పడవ వస్తే వీధి వీధంతా నవ్వింది. మీరొక్కరే నవ్వలేదు. టార్పాలిన్ లేపి దాని పక్కచెక్కల మీద చెయ్యి వేసి, "ఎంత సక్కగున్నది!" అన్నారు. ఆ రోజు మీ మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

తర్వాత మీకు పట్టిన పిచ్చి కూడా ఇంతా అంతా కాదు. గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పక్కన కాశ్మీరు పడవల క్యాలెండరు వచ్చింది. ఏ పాత పత్రికలో పడవ బొమ్మ కనబడ్డా కత్తిరించి దాచుకున్నారు. భూపాలపల్లి పక్కన ఘనపురం చెరువు కట్ట మీద గదులు కట్టాలని, పేము కుర్చీలు వేయాలని, హైదరాబాదు నుంచి కుటుంబాలు వచ్చి దిగితే సాయంత్రం పడవ మీద తిప్పాలని, పడవకు షాలిమార్ అని పేరు పెట్టాలని ఎన్ని లెక్కలు! "కాశ్మీరెందుకు, ఊటీ ఎందుకు? మన నీళ్ళు మనకు లేవా?" అని ఎవరు దొరికితే వారికి చెప్పేవారు. నీళ్ళ మీద పడవలో ఒక్కసారైనా కూర్చోని మనిషి ఇంత మాట్లాడుతుంటే నాకు ముచ్చటగానే ఉండేది.

పోయిన ఎండాకాలం నేను ఒక మాట అన్నాను, గుర్తున్నదా? బాపు ఏటా ఎండలు ముదిరాక పడవలో రాళ్ళు వేసి ఒడ్డు దగ్గర ముంచేవాడు, చెక్క నీళ్ళు తాగి ఉబ్బి సందులు పూడేవి, మనమూ ముంచాలె అన్నాను. మీరూ, గుమస్తా కలిసి నవ్వారు. "సరుకును నీళ్ళల్ల నానబెడ్తరా? పప్పా గది?" అన్నారు. అంతటితో ఆగలేదు. "నా పడవ సంగతి నాకిడువు" అన్నారు. అప్పటి నుంచి నేను నోరెత్తలేదు. అది మా బాపు పడవ. మీరు దాన్ని ఒక్కసారి కూడా లీల పడవ అనలేదు. ఆ మాట నాకు ఏడాదిగా గొంతులో అడ్డం పడి ఉన్నది, ఇవాళ రాసేశాను.

ఇప్పుడైనా ఊ అనండి. నీళ్ళ దగ్గరికి చేర్చే దారి నేను చూస్తాను.

మీ
లీల

*

జనగామ

ప్రియమైన మీకు,

కోపంగా రాసేది. "ఒట్టు. పడవను కదిలియ్యకు. సుక్క నీళ్ళు తగలనియ్యకు. నేనొచ్చినంక చూసుకుంట." ఇంత పెద్ద ఉత్తరానికి మీ జవాబు ఇది. మీరు వచ్చేసరికి చూసుకోవడానికి ఏం మిగులుతుంది?

మీకు తెలియని సంగతి ఇంకొకటి ఉన్నది. నిన్న శివప్రసాద్ తలుపులు, దర్వాజలు చేసే వడ్ల ఆయనను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన పడవ చెక్కలను వేలితో కొట్టి చూస్తున్నాడు. ఏమిటని అడిగితే శివప్రసాద్, "వదినె, పల్లికాయకు గోదాం సాలుతలేదు. గిసొంటి పాతటేకు గిప్పుడు యాడ దొర్కుతది? కొత్తింటి దర్వాజలకు పనికొస్తది. అన్నొచ్చినంక నేను జెప్త తియ్" అన్నాడు.

"నా పడవ ముట్టకు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"గది మా అన్నది గద?" అన్నాడు.

అప్పటిదాకా బియ్యం చెరుగుతున్న అత్తమ్మ చాట కింద పెట్టింది. "అన్నది ఎట్లయితదిరా? పుట్టింటోళ్ళు ఇచ్చింది పిల్లదే అయితది. గిన్నె అయితేంది, పడవ అయితేంది? నా కంచుగంగాళం మీ బాపు ఎన్నడన్న నాదన్నడా?" అన్నది. పడవను చూసి మొదట నవ్విన మనిషి మీ అమ్మే అని మరిచిపోకండి. శివప్రసాద్ ముఖం ముడుచుకున్నాడు. కానీ వడ్ల ఆయన మళ్ళీ రాడని నమ్మకమేమీ లేదు.

భూపాలపల్లి నుంచి వెదురు వేసుకొచ్చిన లారీ మన వీధిలో ఖాళీగా ఉన్నది. డ్రైవరు సాంసన్ మనకు తెలిసినవాడే. ఎల్లుండి బంద్ కాబట్టి రేపే తిరిగి పోతాడట. మీ ఒట్టు తీసి గట్టున పెట్టాను. రేపు పడవతో పాటు నేనూ పోతున్నాను. ఘనపురంలో మా చిన్నమ్మ ఉన్నది కదా, ఆమె ఇంట్లో ఉంటాను.

చెప్పాల్సింది దాచను. ముంచితే బాగవుతుందని నాకు పూర్తి నమ్మకం లేదు. చిన్నప్పుడు ఒడ్డు మీద నుంచి చూసిందే గానీ నా చేత్తో చేసింది కాదు. ఇంత ఎండిన పడవను బాపు కూడా ముంచి ఉండడు. పగిలి ఏ చెక్కకు ఆ చెక్క తేలితే, ఆ తర్వాత జనగామకు ఏ ముఖం పెట్టుకొని రావాలో, అసలు రావాలో వద్దో ఇప్పుడు చెప్పలేను. అత్తమ్మ సద్ది కడుతున్నది. "పో, గోదాంల జర గాలాడ్తది" అంటున్నది గానీ కళ్ళు తుడుచుకుంటున్నది.

లీల

*

ఘనపురం,
మృగశిర ముందు

ప్రియమైన మీకు,

ముంచేశాను. కోపంతో జైలు ఊచలు వంచకండి, ముందు మొత్తం చదవండి.

పరకాల దాటాక రోడ్డు మీద మొద్దులు అడ్డం వేసి కాలేజీ పిలగాళ్ళు లారీ ఆపారు. జైలు అధికారి గారూ, ఉద్యమం సంగతులు లేవని మొదట అన్నాను, క్షమించాలి. వాళ్ళు టార్పాలిన్ లేపి చూసి నోళ్ళు తెరిచారు.

"గీ పడవేంది? ఆంధ్రోళ్ళదా?" అన్నాడొకడు.

"గోదావరిది. మా కాళేశ్వరం గోదావరిది" అన్నాను. "మా ఆయన మీ తోటోడే, జైల్ల ఉన్నడు."

"గట్లయితే మనదే" అని తారు డబ్బా తెచ్చి, పడవ పక్కన ఇంతింత అక్షరాలతో జై తెలంగాణ అని రాశారు. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ ఆపలేదు. పైగా దారి పొడుగునా జనం చప్పట్లు కొట్టారు. మీ షాలిమార్ ఇక లేదు.

చెరువులో నీళ్ళు బాగా లోపలికి పోయాయి. బురద దాటించడానికి మనుషులు కావాలంటే, పక్క తండా నుంచి గోరీ అనే ఆమె తన వాళ్ళను పిలుచుకొచ్చింది. అందరూ భుజం పట్టి దించాక, నేను రాళ్ళు వేయడం మొదలుపెడితే ఆమె చేతులు నడుము మీద పెట్టుకొని, "గిదేంది అక్కా, ముంచెతందుకు గింత దూరం తెస్తివా? మీ ఊళ్ళె బాయి లేదా?" అన్నది. అందరూ పడీ పడీ నవ్వారు. రాళ్ళు ఎక్కువ పట్టనే లేదు. జల్లెడలోకి వచ్చినట్టు అన్ని సందుల నుంచి నీళ్ళు వచ్చాయి. బుడగలు లేచి, మొన కూడా కనబడకుండా పోయింది. అప్పటిదాకా ధైర్యంగా ఉన్నదాన్ని, బురదలో కూలబడి బావురుమన్నాను. గోరీ నవ్వు ఆపి నా పక్కన కూర్చున్నది.

అప్పటి నుంచి పొద్దున లేస్తే కట్ట మీదికే. చిన్నమ్మ అన్నానికి పిలిస్తే పోతాను, తిని మళ్ళీ వస్తాను. నీళ్ళలోకి చూస్తే ఏమీ కనబడదు. ఒకరోజు చెక్క ముక్క తేలుతుంటే చీరతోనే నీళ్ళలోకి దిగి పట్టుకున్నాను, చూస్తే ఎవరిదో బండి చెక్క.

కూర్చుని కూర్చుని ఒక మాట తోచింది. మీరు చెడ్డవారని కాదు. మీకు ప్రేమ కలిగితే లోపల పెట్టి తలుపు వేస్తారు. నన్నూ అట్లాగే చూసుకున్నారు. ఒకసారి కాళేశ్వరం పోయి గోదావరి చూసొస్తానంటే, "ఇక్కడ నీకేం తక్కువైంది?" అనేవారు. ఏమీ తక్కువ కాలేదు. కానీ నాకు ఊపిరి ఆడేది కాదు. మీకు నొప్పి కలిగినా సరే, ఇది చెప్పకుండా నేను మళ్ళీ ఆ ఇంటి మెట్టు ఎక్కలేను.

జవాబు రాస్తారో లేదో మీ ఇష్టం.

లీల

*

ఘనపురం,
వానలు పడ్డాక

నాకు ప్రాణమైన మీకు,

చాలా రోజులు మీ నుంచి ఏమీ రాలేదు. ఇక రాదనే అనుకున్నాను. నిన్న వానలో తడుస్తూ పోస్టు ఆయన వచ్చాడు. విప్పితే మొదటి మాటే, "లీలా, నువ్వెట్లున్నవ్?" ఆ పేజీ అంతా వెతికాను, పడవ మాట ఎక్కడా లేదు. వెనక్కి తిప్పితే రాసి ఉన్నది: "నీ ఉత్తరం సదివి శాన కోపమొచ్చింది. నాలుగు గోడల నడుమ అటు ఇటు తిరిగిన. గిక్కడ నన్ను మస్తు పైలంగ పెట్టిండ్రు లీలా. ఎండ తగలది, వాన తగలది. పొద్దుమీకితే తాళం గూడ ఏస్తరు. గిప్పుడు సమజైంది. నీ పడవ తేలకపోయినా మంచిదే, నువ్వు మాత్రం రా." నీ పడవ అని రాశారు. చిన్నమ్మ చూస్తున్నా సిగ్గు లేకుండా ఆ కాగితం కళ్ళకద్దుకున్నాను.

ఈ పొద్దున దాన్ని లేపాం. గోరీ, ఆమె పెనిమిటి రాంజీ రాళ్ళు తీశారు. నేను మెడలోతు నీళ్ళలో నిలబడి కాళ్ళతో తడిమాను. చెక్కకు చెక్క అంటుకొని ఉన్నది, ఎక్కడా వేలు దూరలేదు. పక్కకు వంచి నీళ్ళు పారబోసి వదిలితే ఊగి, ఊగి, నిలబడింది. గోరీయే ముందు అరిచింది, "తేలింది అక్కా!" అని. నాకు బాపు గుర్తొచ్చాడు. తెడ్డు తీసుకొని ఒక్కదాన్నే నడి చెరువు దాకా పోయాను. నీళ్ళ మీద నుంచి చూస్తే ఆ కట్ట మీద మీరు చెప్పిన గదులు, పేము కుర్చీలు నాకూ కనబడ్డాయి. మీ పిచ్చి మంచిదే, నేను కాదనను. కానీ గోదాముకు మాత్రం పడవ తిరిగి రాదు.

వచ్చే వారం విడుస్తారని రాశారు కదా. జనగామ రైలు ఎక్కకండి. జైలు గేటు నుంచి నేరుగా భూపాలపల్లి బస్సు ఎక్కండి, కట్ట దగ్గర ఉంటాను. అత్తమ్మకు కూడా రాశాను, గంగాళం తెచ్చుకొని నాలుగు రోజులు ఉండి పొమ్మని. అధికారి గారూ, మీరు కూడా ఎప్పుడైనా సెలవు పెట్టి రండి, ఇన్ని ఉత్తరాలు చదివారు.

ఒక్క సంగతి ముందే చెబుతున్నాను. మీకు ఈత రాదు, తెడ్డు పట్టడం రాదు. పైగా జై అన్న అక్షరం కింద ఒకచోట ఇంకా కొంచెం నీరు ఊరుతున్నది. కాబట్టి నడిపేది నేను, నీళ్ళు తోడేది మీరు. వచ్చేటప్పుడు ఒక చెంబు కొనుక్కొని రండి.

ఎదురు చూసే
మీ లీల