సుద్దగీత దాటిన బ్యాగు

ఆదివారం రాత్రి, గోదావరిఖని

యుద్ధనౌక కట్టేశాక కాకుండా, డిజైన్ దశలోనే తనిఖీ చేసి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి మా ఆఫీసుకు కొత్త. అలా మొదటిసారి చూస్తున్న ఓడలో, ఇంజిన్ గదిలోంచి పైకి తప్పించుకునే కంత గురించి చెబుతుంటే, బొగ్గుగనుల రెస్క్యూ టీములో పనిచేసి రిటైరైన మా బాపు ఆపాడు.

"వీపుకు గాలి సిలిండర్ ఉన్నోడు గా కంతలకెల్లి ఎల్తడా, బిడ్డా?"

నాకిది తట్టనేలేదు. కొలత గుర్తుంది కాబట్టి నేల మీద సుద్దతో గీసి, సిలిండరంత లావున్న బ్యాగు తగిలించుకుని మధ్యలో నిలబడ్డాను. బ్యాగు గీత దాటింది.

కట్టేశాక మేం సంతకాలు పెట్టిన పాత ఓడల్లో ఇలాంటివి ఎన్నో...

ఈ ఓడకు ఇంకా ఇనుము కోయలేదు. కంత పెద్దది చేయమని రేపే డిజైన్ వాళ్లకు రాస్తాను. నా మొహం చూసి బాపు సుద్దముక్క చేతికిచ్చాడు.

"ఫికర్ జెయ్యకు. జర పెద్దగ గియ్యి. ఇంకా సుద్దే గద!"