మామ్మ గది తలుపు

అక్కయ్యకు,

నా మోకాలు నయమైంది, బెంగపడకు. జీతం లేకపోయినా, వృద్ధాశ్రమంలో ఉండే పెద్దవాళ్ల తరఫున మాట్లాడే ఈ పని నాకు నచ్చింది. ఇక్కడ మంచం దిగలేని మామ్మ ఒకావిడ ఉంది, పూర్వం దర్జీ. ఆవిడకి బట్టలు మార్చేటప్పుడు ఆయాలు తలుపు బార్లా తెరిచి ఉంచేవారు. వేయమంటే "ఈ వయసులో నిన్నెవరు చూస్తారు మామ్మా" అని నవ్వేవారట. నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది. "మీ పేరు చెప్పి అడగనా?" అంటే "చెప్పు, నాకేం భయం" అంది. మేనేజరమ్మని అడిగితే మొదట విసుక్కుంది, మనుషులు చాలరంది. "తలుపు వేయడానికి ఎంతమంది కావాలండీ?" అన్నాను. నవ్వేసి, ఆయాల్ని పిలిచి చెప్పింది. ఇప్పుడందరూ తలుపు తట్టి, మామ్మ రమ్మంటేనే వెళ్తున్నారు. నిన్న నేనూ తట్టాను. "ఇప్పుడు కాదమ్మా, తల దువ్వుకుంటున్నా, కాసేపాగి రా" అంది లోపల్నుంచి. వరండాలో కూర్చున్నాను. వద్దనిపించుకుని ఇంత సంబరపడ్డది ఇదే మొదలు.

చిన్నాడి దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటొస్తే నా ఊలు శాలువా పంపు. మీ అత్తగారి గది తలుపుకి గడియ ఊడిందన్నావు, బావతో చెప్పి ముందు అది వేయించు. ఆవిడకి నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ చెల్లెలు