కూర్చున్న మనిషి

ఫిబ్రవరి 9, ఆదివారం

అక్క పోయి నెల దాటింది. పొద్దున్నే లేచి నా భయాలు చెప్పుకోవడానికి మనిషి లేదు. గ్యాసు కట్టానా, తలుపు వేశానా, కాలు ఎందుకు వాచింది, అన్నీ అక్కకే చెప్పేదాన్ని. పరుపు కుట్టుకుంటూనే వినేది. ఇప్పుడు అక్క మనవరాలు ఈ డైరీ ఇచ్చి, చిన్న నాయనమ్మా, టెన్షన్ వచ్చినప్పుడల్లా ఇందులో రాసెయ్ అంది. నా చదువు నాలుగో క్లాసు. తప్పులుంటే ఉంటాయి. ఎవరు చూడొచ్చారు.

ఫిబ్రవరి 10

గ్యాసు కట్టాను. మళ్ళీ వెళ్ళి చూశాను. కట్టే ఉంది.

ఫిబ్రవరి 12, బుధవారం

ఇరవై మూడో తారీకున బంధువులంతా వస్తారు, అక్కని తల్చుకోవడానికి. ముందుగదిలో ఫోటో పెట్టాలన్నాడు పెద్దోడు. అక్క కొడుకు. చిన్నోడు అంటూ ఎవరూ లేరు, అయినా వాడు పెద్దోడే.

ఇల్లంతా వెతికారు. ఒక్క ఫోటోలోనూ అక్క మొహం లేదు. పెద్దోడి పెళ్ళి ఫోటోల్లో అటు తిరిగి ఎవరికో కుర్చీ వేస్తోంది. ఇంకోదాంట్లో పరుపు మోస్తోంది, పరుపే కనిపిస్తోంది. మనవరాలి ఫోనులో అన్నీ చెయ్యే. తియ్యొద్దే అని అడ్డం పెట్టిన చెయ్యి. ఆధార్ కార్డు మీద ఒకటుంది, అది చూస్తే పోలీసులు వెతికే మనిషిలా ఉందని కోడలు అంది. అందరం నవ్వాం. తర్వాత నాకు దడ పట్టుకుంది. కొన్నాళ్ళు పోతే అక్క ఎలా ఉండేదో ఎవరికి తెలుస్తుంది? నాకు తెలుసు. నేనెన్నాళ్ళుంటాను?

ఫిబ్రవరి 14, సాయంత్రం

మనవరాలు, నేను స్టూడియోకి వెళ్ళాం. ఫోటోలాయన కార్డు ఫోటో పెద్దది చేసి చూపించాడు. అంతా మసక. కళ్ళు తప్ప ఏమీ తెలియడం లేదు. ఆయన కాసేపు దాన్ని చూశాడు, కాసేపు నన్ను చూశాడు. ఆవిడ మీకేమవుతారన్నాడు. అక్క అన్నాను. ఇంకేం, అక్కచెల్లెళ్ళ ముక్కూ నోరూ ఒకేలా ఉంటాయి, మీరోసారి కూర్చోండి, కళ్ళు ఆవిడవి పెట్టి మిగతాది సర్దేస్తానన్నాడు.

బతికున్నదాన్ని గోడకెక్కిస్తావా నాయనా అన్నాను. ఎక్కేది మీరు కాదు, మీ ముక్కు అన్నాడు.

మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. ఎవరికీ చెప్పనంది. నాన్న సరిగా అన్నం తినడం లేదు, ఫోటో చూస్తేనన్నా తేరుకుంటాడంది. కూర్చున్నాను.

అలా బెదురుగా చూస్తే ఎలాగమ్మా, ఆవిడలా చూడండి అన్నాడాయన. ఆవిడలా అంటే ఎలా? అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒకాయన పరుపు మోసుకొచ్చి, నిండా గడ్డలే, నడుం విరిగింది, వెనక్కి తీసుకోమని అక్క పరుపుల షాపులో గొడవ. అక్క షాపు మధ్యలో ఆ పరుపు పరిచి, పడుకుని, నిద్రపోయింది. నిజం నిద్రే. గురక కూడా పెట్టింది. ఆయన నిలబడీ నిలబడీ స్టూలు మీద కూర్చున్నాడు. నేను మూల నక్కాను. అక్క లేచి ఒళ్ళు విరుచుకుని, గడ్డలు పరుపులో లేవు బాబూ, ఇంట్లో ఏమన్నా గొడవా అంది. ఆయన బోరుమన్నాడు. ఆ పరుపే మోసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట అడిగినప్పటి అక్క చూపు తల్చుకున్నాను. ఫోటోలాయన టక్కున నొక్కాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

ఫోటో వచ్చింది. గోడకు పెట్టారు. అచ్చం అత్తయ్యే అంది కోడలు. పెద్దోడు చూసి ఏడ్చాడు, అంత మనిషీ చిన్నపిల్లాడిలా. నాకు మాత్రం నేనే కనిపిస్తున్నాను. నేను పోయాను. ఫ్రేము బాగా కట్టారు.

ఫిబ్రవరి 18

బీపీ మాత్ర వేసుకున్నానా?

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం

కళ్ళు మూసుకుంటే అక్క రావడం లేదు. ఫోటోలో ఆవిడే వస్తోంది.

అమ్మ పోయేసరికి నాకు ఊహ తెలియదు. అక్క నన్ను చంకనేసుకుని పరుపుల షాపులో పనికి చేరింది. దూది మూటల మీద నన్ను పడుకోబెట్టేది. తనూ దూదే, జుట్టూ కనుబొమలూ తెల్లగా. మెలకువ వచ్చి ఏడిస్తే వంగి చూసేది, అప్పుడు నా మీద దూది రాలేది. పోనుపోనూ ఆ షాపే కొనేసింది. పెళ్ళి చేసుకుంది, నాకు చేసింది, మా ఆయన పోతే నన్ను మళ్ళీ తన ఇంటికి తెచ్చుకుంది. వంగి చూసిన ఆ మొహం ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఇవాళ ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. నేనే చెరిపేశాను. రేపు పిల్లలకి నా ముక్కు చూపించి, ఇదే మీ ముత్తవ్వ అంటారు.

పెద్దోడికి చెప్పెయ్యాలి. చెబితే మళ్ళీ అన్నం మానేస్తాడు. చెప్పకపోతే అక్క ఇక రాదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

షాపుకి వెళ్ళాను. పెద్దోడొక్కడే ఉన్నాడు, దబ్బనంతో పరుపు అంచు కుడుతున్నాడు. ఆ ఫోటో నేనురా అన్నాను. తెలుసు పిన్నీ అన్నాడు, కుట్టు ఆపకుండా.

ఎలా తెలుసురా అంటే, అమ్మ ఎప్పుడన్నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుందా అన్నాడు. ఫోటోలో మనిషి కూర్చుంది, మనింట్లో ఆ ఉద్యోగం నీ ఒక్కదానిదే కదా అని ఎకసెక్కం. ఒళ్ళు మండింది. మరి చూసి ఎందుకు ఏడ్చావురా అని నిలదీశాను.

దబ్బనంలోకి దారం ఎక్కించాడు. నువ్వు కూడా పోయినట్టు అనిపించింది పిన్నీ అన్నాడు.

నా కోసం భయపడేవాడు ఒకడున్నాడని నాకెప్పుడూ తోచలేదు. భయం నా సొంత ఆస్తి అనుకున్నాను. తిన్నావా అన్నాను. లేదన్నాడు. ఇద్దరం ఇంటికొచ్చి తిన్నాం. తిన్నాక స్టూలెక్కి ఫోటో తీసేశాడు. ఎల్లుండి వచ్చినవాళ్ళు ఏమంటారురా అన్నాను. అననీ పిన్నీ, అనడానికేగా వచ్చేది అన్నాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

గోడకి మేకు ఒక్కటే ఉంది. అందరూ దాన్నే చూస్తూ అక్క గురించి మాట్లాడారు. మేకు వంకరగా ఉందని ఒకావిడ అంది. తిన్నగానే ఉందని ఇంకొకావిడ.

కళ్ళు మూసుకున్నాను. అక్క కుడి చెవి వచ్చింది, దాని మీద కాస్త దూది. మిగతాదానికి తొందరేం లేదు.