కత్తెర ఎరగని చేతులు

కామవరపుకోటలో నాన్నగారికి, కొల్లేటికోట నుంచి మీ అమ్మాయి సువార్త నమస్కరించి వ్రాయునది.

ప్రభువు దయవల్ల నేను కులాసాగా ఉన్నాను. మీ దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్ళకు నూనె రాస్తున్నారా? ఇక్కడ ఎటు చూసినా నీళ్ళే, పూటపూటా చేపల పులుసే. ఆదివారం పాటకు తోడు లేక ఒక్కదాన్నే పాడుకుంటాను. అయినా బాగానే ఉన్నానండీ, బెంగ పెట్టుకోకండి.

నా బడిలో గొడవైందని మీకు కబురు అందే ఉంటుంది. జరిగింది నేనే చెబుతాను. మా బడికి నాలుగో తరగతి కావాలని అర్జీ పెట్టాం. దాని మీద పోయిన నెల ఏలూరు నుంచి ఒక పరీక్షాధికారి పరీక్ష సామాను పెట్టె తీసుకుని పడవలో వచ్చారు. చేతుల చురుకులో, కాళ్ళ నిలకడలో పట్నం పిల్లలకూ కొల్లేటి పిల్లలకూ తేడా చూస్తారట. సుద్దగీత మీద ఒంటికాలితో గెంతమంటే మావాళ్ళు బాగానే గెంతారు. కాగితం మీది సున్నాను కత్తెరతో కత్తిరించమనేసరికి తెల్లబోయారు. నూకాలు అనే పిల్ల కత్తెర రెండు చేతులా పట్టుకుని, కాగితం చింపేసి ఏడ్చింది.

"ఏలూరు పిల్లలతో పోలిస్తే వీళ్ళకి చేతులు సరిగా తిరగవు. పై తరగతి దండగ," అన్నారాయన, తల్లిదండ్రులందరి ముందూ.

నూకాలు తల్లి సూరమ్మ బెదిరిపోయి, కూతురి వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. "ఏవండీ పంతులమ్మగారూ, మా పిల్లకేమైనా జబ్బాండీ?"

నాన్నగారూ, నాకు ఒళ్ళు మండిపోయింది.

"అయ్యా, వీళ్ళు కత్తెర పట్టుకోవడం ఇదే మొదలండీ," అన్నాను.

"కొలత అందరికీ ఒకటేనమ్మా."

"కొలత ఒకటేనండీ. అలవాటు ఒకటి కాదు కదండీ."

ఫలితాల కింద సంతకం పెట్టమన్నారు. ముందు 'ఈ పిల్లలు కత్తెర పట్టడం ఇదే మొదలు' అని నా మాట రాసి, దాని కింద పెట్టాను. ఆ మాట కొట్టేస్తావా, ఉద్యోగం వదులుకుంటావా అని మా బడి మేనేజరుగారు కబురంపారు. కొట్టెయ్యనన్నాను. మీరు కూడా క్షమాపణ అడగమని రాయకండి. మీ మాట ఎన్నడూ జవదాటలేదు, ఈసారి దాటుతాను.

ఈ నీళ్ళ మధ్యకి వేరే పంతుళ్ళెవరూ రామన్నారట, చివరికి గట్టిగా మందలించి నన్నే ఉంచారు. నాలుగో తరగతి ఇవ్వలేదు. ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాను. టైలరు బాబాయిగారి దగ్గర పాత కత్తెరలుంటే పంపించండి.

ఆ రోజు నుంచి నూకాలు బడి మానేసింది. నిన్న వాళ్ళింటికి వెళ్ళాను.

"దానికి చదువబ్బదన్నారు కదండీ," అంది సూరమ్మ.

"ఆయన ఒక్కపూట చూశారమ్మా. నేను రోజూ చూస్తున్నాను."

నేను తిరిగి వచ్చేశాను.

ఈ ఉదయం తల్లీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. సూరమ్మ పిల్లను ముందు వరసలో కూర్చోబెట్టి, వీధిలోకి వినబడేలా అంది: "ఎవరేమన్నా మా నూకాలు ఇక్కడే కూర్చుంటుందండీ!"

అమ్మకూ, బాబాయిగారికీ, పిన్నిగారికీ నా నమస్కారాలు. మీ ప్రార్థనల్లో నాతోపాటు ఈ పిల్లల్నీ తలచుకోండి.

మీ దీవెనలు కోరే,
సువార్త