గుండెలో తెల్లమచ్చ

స్వరూపకు,

హుస్నాబాద్ నుంచి నీ రాజేశం రాస్తున్నాను. అవ్వ, వందన, నేను ముగ్గురం మంచిగానే ఉన్నాం. కువైట్‌లో ఎండలు ముదిరాయని విన్నాం. నువ్వు పనిచేసే ఇంటి పిల్లల వెనక పరుగెడుతూ నీళ్లు తాగడం మరవకు. రోజూ ఫోన్‌లో మాట్లాడుతూ మళ్లీ ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. నీ ముఖం ఎదురుగా కనిపిస్తే కొన్ని మాటలు నా నోట రావు. మన వాడకట్టు అంజన్న ఎల్లుండి కువైట్ వస్తున్నాడు. మామిడికాయ తొక్కుతో పాటు ఇదీ అతనికే ఇస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. వందన రక్తపరీక్ష ఫలితం వచ్చింది. మా సదానందం అన్న పొలంలో ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయినప్పటి నుంచి మనల్ని భయపెట్టిన లోపం, మా వంశంలో దిగి నాకూ వచ్చిన గుండెజబ్బు లోపం, బిడ్డకు రాలేదు. "ఇగ ఫికర్ లేదు, కబడ్డీ ఆడుకోనియ్యున్రి," అన్నాడు డాక్టర్. వందన ఆసుపత్రి వరండాలోనే తొడ చరిచింది. "ఆడివిల్లవు, గదేందే," అని తిట్టిన అవ్వే బస్టాండులో కనబడ్డవాళ్లందరికీ మిఠాయి పంచింది.

ఇంట్లో వంట నాదే. నా పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువని అవ్వ వంక పెడుతుంది. రెండోసారి పోసుకుంటూ పెడుతుంది.

ఇక నా సంగతి. గుండె కండ మందమైందని ఎకోలో తేలిన విషయం నీకు తెలుసు. లోపల మచ్చలు కట్టాయా లేదా అన్నది ఎమ్మారైలోనే కనబడుతుందంటే కరీంనగర్ పోయాను. చేతికి మందు ఎక్కించి, సొరంగం లాంటి మిషన్‌లో పడుకోబెట్టారు. ఒకటే మోత, పెళ్లి డప్పుల నడుమ పడుకున్నట్టుంది. "ఊపిరి వట్టున్రి... ఇగ ఇడువున్రి," అంటోంది మైకులో ఒక అమ్మాయి. నాకు నవ్వొచ్చి ముందే ఊపిరి వదిలేశాను. "నువ్వు గట్ల నవ్వితే బొమ్మ చెడిపోతది మామా," అని కోప్పడి మళ్లీ మొదలుపెట్టింది.

ఆ బొమ్మ నాకూ చూపించారు. నల్లటి కండలో అక్కడక్కడ సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. మచ్చ ఎక్కువే అన్నారు. మచ్చ ఉన్నచోటు నుంచే గుండె లయ ఒక్కసారిగా గాడి తప్పవచ్చట. అన్నకూ అదే జరిగి ఉంటుందన్నాడు డాక్టర్.

అందుకే ఎడమ భుజం కింద, చర్మం లోపల చిన్న డబ్బా పెట్టించుకున్నాను స్వరూపా. గుండె దారి తప్పితే అదే షాక్ ఇచ్చి సరిచేస్తుంది. ఫోన్ కెమెరా పాడైందని చెప్పి ఇన్నాళ్లు నీకు కనబడనిది ఇందుకే. కెమెరా మంచిగానే ఉంది. కుట్లు మానాయి, నేనూ తిరుగుతున్నాను. నీళ్ల బిందె మాత్రం అవ్వ నన్ను ముట్టనివ్వడం లేదు.

ఇక్కడిదాకా రాసి, "పరేషాన్ కాకు, నువ్వు రావద్దు," అని కూడా రాశాను. వెనక నిలబడి చదువుతున్న వందన పెన్ను లాక్కుంది.

"గట్ల రాయకు బాపూ. అమ్మను రమ్మని రాయి. నీకు సుత రావాల్ననే ఉన్నది గద?"

ఉంది. "రావద్దు" అన్న మాట కొట్టేశాను. సెలవు అడిగి, ఒక్క నెలకైనా రా.

ఇట్లు,
మన వందన బాపు,
రాజేశం